పెదవాల్తేరు నల్లబల్ల, పైడమ్మ దిబ్బరొట్టె

నేను ఒక నల్లబల్లను. నా మీద పాఠాలు రాయరు. శనివారం ఎక్కడ తినాలి, ఆదివారం ఏం చూడాలి, పిల్లల్ని ఎటు తీసుకువెళ్ళాలి, ఇలాంటి సంగతులు రాస్తారు. విశాఖపట్నం పెదవాల్తేరులో ఒక చిన్న పఠనాలయం గోడకు, బయటివైపు, చూరు కింద వేలాడుతుంటాను. నన్ను చదవడానికి ఎవరూ లోపలికి రానక్కర్లేదు. బస్సు దిగి ఇంటికి పోతూ తల తిప్పితే చాలు.

ఈమధ్య నాకొక గండం వచ్చి తప్పిపోయింది. నన్నెవరూ విరగ్గొట్టబోలేదు. గౌరవించబోయారు. అది ఎలా తప్పిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక వడ్రంగి నన్ను చేశాడు. టేకు పలకలు జోడించి, చిత్రిక పట్టి, అరచేతితో పైనుంచి కింది దాకా నిమిరి చూశాడు. ఎక్కడైనా గరుకు తగిలితే మళ్ళీ చిత్రిక పట్టాడు. ఆ తర్వాత ఇంకెవరూ నన్ను అంత ప్రేమగా తాకలేదు. మనుషులు నా మీద రాస్తారు, తుడుస్తారు, ఒక్కోసారి కోపంతో కొడతారు కూడా.

నన్ను ఒక బడికి పంపారు. అక్కడ కొయ్యాన జోగారావు మాస్టారు తెలుగు చెప్పేవారు. పిల్లలు బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి నాకు పూసేవారు. వాళ్ళ చొక్కాలకు అంటింది పోగా మిగిలింది నాకు దక్కేది. మాస్టారి అక్షరాలు గుండ్రంగా, దూరదూరంగా ఉండేవి. గంట కొట్టాక ఆయన వెంటనే వెళ్ళేవారు కాదు. చివరి బెంచీ దాకా నడిచి, అక్కడినుంచి నన్నొకసారి చదువుకుని, తప్పు కనిపిస్తే వచ్చి దిద్ది, అప్పుడు తుడిచేవారు. ఎలాగూ తుడిచేదానికి దిద్దడమెందుకని పిల్లలు నవ్వుకునేవారు. నాకూ అప్పట్లో అర్థమయ్యేది కాదు.

బడికి తెల్లబల్లలు వచ్చాయి. ఇంచుమించు అదే సమయానికి మాస్టారు రిటైరయ్యారు. మూల పడేసిన నన్ను అడిగి తీసుకుని, రిక్షాలో అడ్డంగా పెట్టుకుని ఇంటికి తెచ్చారు. గుమ్మంలో ఆయన భార్య వరహాలమ్మ గారు నిలబడి ఉన్నారు.

"ఏటండీ ఇది? అందరూ రిటైరైతే శాలువాతో వస్తారు. మీరు గోడతో వచ్చారు."

"పాడైపోతుందని తెచ్చాను."

"మంచిదే. వడియాలు పెట్టుకుందుకు చోటు లేదని మొత్తుకుంటున్నాను."

ఒక ఎండాకాలం అంతా నా మీద గుమ్మడి వడియాలు ఎండాయి. అక్షరాలు మోసిన ఒంటికి అది అవమానం అనిపించలేదు. నిజం చెప్పాలంటే పాఠాల కంటే వడియాలకే ఇంట్లో ఎక్కువ విలువ.

మాస్టారు రోజూ పఠనాలయానికి వెళ్ళేవారు. శనివారం వస్తే అక్కడ ఒకటే ప్రశ్న. "మాస్టారూ, ఇవాళ పిల్లల్ని ఎటు తీసుకెళ్ళమంటారు?" "చుట్టాలొచ్చారు, బీచి కాక ఇంకేమైనా ఉందా?" సముద్రం పక్కనే ఉన్నవాళ్ళకు సముద్రం విసుగు. ప్రతివాడికీ విడివిడిగా చెప్పలేక, ఒక శుక్రవారం నన్ను మోయించుకొచ్చి బయట గోడకు కొట్టించారు. "ఈ శని, ఆదివారాలు" అని నా నెత్తిన రాశారు. అలా మొదలైంది నా అసలు బతుకు.

ఆ రాతకు ఒక నియమం ఉండేది. ప్రతి సంగతి చివరా మూడు మాటల్లో ఒకటి ఉండాలి. తిన్నది, చూసినది, విన్నది. తానూ భార్యా వెళ్ళి తిని వస్తేనే "తిన్నది". నాటిక రిహార్సలుకు వెళ్ళి కూర్చుని వస్తేనే "చూసినది". ఎవరో చెబితే రాసింది "విన్నది". "విన్నది అని ఉంటే మాకు పూచీ లేదు" అని మూలన చిన్న అక్షరాలతో ఉండేది.

ఎన్ని రాశారో! ఆదివారం తెల్లవారుజామున బీచి రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు, పిల్లల్ని రోడ్డు మధ్యన నడవనివ్వండి, చూసినది. కైలాసగిరికి రోప్‌వే తీగబండి దగ్గర వరుస పెద్దది, మోకాళ్ళు బాగుంటే మెట్లు ఖాళీ, చూసినది. మరమరాల మురీ మిక్స్చరు కలిపించుకున్న చోటే నిలబడి తినండి, నడుస్తూ తింటే మెత్తబడిపోతుంది, తిన్నది. సిరిపురంలో తప్పెటగుళ్ళు ఆడతారట, ముందు వరుసలో కూర్చుంటే చెవులు జాగ్రత్త, విన్నది.

అన్నిటికీ కింద, చివరి వరుస మాత్రం వరహాలమ్మ గారిది. ఎందుకంటే రుచి విషయంలో మాస్టారు పనికిరారు. ఏది పెట్టినా "బాగుంది" అంటారు. "మీ బాగుంది నమ్ముకుని జనం వెళ్తే మనల్ని తిట్టుకుంటారు" అని ఆమె సుద్దముక్క లాక్కున్నారు. ఆమె అక్షరాలు నేల మీదినుంచి మేడ ఎక్కుతున్నట్టు కుడివైపు పైకి పోయేవి. అందులో ఉన్నది ఉన్నట్టు ఉండేది. సాంబారు బాగుంది, ఇడ్లీ కోసం వెళ్ళకండి. ఈ నాటికలో ఏడుపు ఎక్కువ, చేతిరుమాలు కాదు, ఓపిక తీసుకెళ్ళండి. జనం ముందు ఆ చివరి వరుస చదివి, నవ్వి, తర్వాత పైకి వెళ్ళేవారు. నవ్వినవాళ్ళలో సగంమంది ఎప్పుడూ వెళ్ళే హోటలుకే వెళ్ళేవారు. మనుషులకు సలహా అడగడం ఒక సరదా, పాటించడం వేరే సంగతి.

ఒక శుక్రవారం ఆమె సుద్ద పట్టుకుని మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డారు. తర్వాత రాశారు.

"పైడమ్మ దిబ్బరొట్టె లోపల పచ్చిగా ఉంటోంది. ప్రస్తుతానికి వెళ్ళకండి."

పైడమ్మది లాసన్స్ బే వైపు దిగే రోడ్డులో చిన్న కొట్టు. మామూలు రోజుల్లో ఇడ్లీ వేస్తుంది. శని, ఆదివారాలు పొద్దుట మాత్రం మందపాటి మూకుట్లో మినప్పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు పెట్టి, సన్న సెగ మీద దిబ్బరొట్టె కాలుస్తుంది. పైన ఎర్రగా పెళుసుగా, లోపల దూదిలా వస్తుంది. పక్కన అల్లం పచ్చడి. అంతకు ముందు నా మీద ఆ రొట్టెను వరహాలమ్మ గారు మెచ్చుకున్న వారాలు చాలా ఉన్నాయి. ఈసారి ఇలా రాశారు.

తర్వాతి మంగళవారం ఆమె పోయారు. నేను చూడలేదు. పఠనాలయం వరండాలో మాటలు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను. ఆస్పత్రికి ఇద్దరూ ఆటోలో వెళ్ళారనీ, మాస్టారు ఒక్కరే తిరిగి వచ్చారనీ అన్నారు.

ఆ శుక్రవారం మాస్టారు రాలేదు. ఆపై శుక్రవారమూ రాలేదు. తర్వాత రావడం మొదలుపెట్టారు కానీ, లోపలికి వెళ్ళి పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవారు. నా వైపు చూసేవారు కాదు. వస్తూ పోతూ ఆయన కళ్ళు సరిగ్గా నా అంచు దాకా వచ్చి ఆగేవి.

నన్ను ఎవరూ తుడవలేదు. గోడలు దులిపే అటెండరు నన్ను మాత్రం దాటుకుని పోయేవాడు. చూరు మంచిది కావడంతో వాన కూడా నన్ను తాకలేదు. రోజులు గడిచాయి, నెలలయ్యాయి. నా నెత్తిన ఇంకా "ఈ శని, ఆదివారాలు" అనే ఉంది. ఒక కుటుంబం నా మీద ఉన్న హరికథ సంగతి చూసి ముస్తాబై ఆడిటోరియానికి వెళ్ళింది. హరికథ ఎప్పుడో అయిపోయింది. అక్కడ ప్రెషర్ కుక్కర్ల ప్రదర్శన జరుగుతోంది. వాళ్ళు ఒక కుక్కరు కొనుక్కుని తిరిగొచ్చారు. నన్ను ఏమీ అనలేదు. "పాపం, ఆవిడ చేతిరాత" అనుకుంటూ వెళ్ళారు.

అన్నిటికంటే విచిత్రం ఆ చివరి వరుస. వరహాలమ్మ గారు బతికుండగా ఆమె మాట సగంమంది వినేవారు. పోయాక అందరూ వినడం మొదలుపెట్టారు. నా ముందు నిలబడి, ఆ వరుస చదివి, ఒక్క నిమిషం తలవంచుకుని, పైడమ్మ కొట్టుకు వెళ్ళడం మానేశారు.

పఠనాలయం కార్యదర్శి భాస్కరం గారు. మంచి మనిషి. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేరు. సుద్ద వెలిసిపోతోందని గమనించి, ఒకరోజు ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని, చివరి వరుస అక్షరాల మీద కొత్త సుద్దతో దిద్దారు. వంకరగా పైకి పోతున్నాయని కాస్త నిటారు కూడా చేశారు. నా ఒంటికి తెలిసింది, ఆమె చెయ్యి అడుగున పడిపోయిందని. చెప్పడానికి నాకు నోరు లేదు.

తర్వాత ఆయనకు ఇంకా పెద్ద ఆలోచన వచ్చింది. నాకు అద్దం బిగించాలట. చుట్టూ చట్రం, పైన ఆమె ఫొటో, కింద పేరు. ఆదివారం బిగింపు అని నిర్ణయమైంది. మాస్టారిని అడిగితే "మీ ఇష్టం" అన్నారు. ఆ మాటలో ఇష్టం లేదు, అయిష్టమూ లేదు. ఏ విషయంలోనూ నిర్ణయం తీసుకునే ఓపిక లేని మనిషి మాట అది.

అద్దం కింద నల్లబల్ల అంటే ఏమిటో మీకు ఎలా చెప్పను? మీ నోరు తెరిచి, ఒకే మాట మీద ఆపేసి, అలాగే ఉండమన్నట్టు. నాకు కోపం రాలేదు. భయం వేసింది.

శనివారం పొద్దున్న ఒకామె వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో తడిగుడ్డ. చెంగు నడుముకు దోపుకుని, ఆ గుడ్డ నా చివరి వరుస దాకా తెచ్చి, ఆపేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆపింది. ఆమె పైడమ్మ. లోపలినుంచి మాస్టారు చూసి బయటికి వచ్చారు.

"పైడమ్మా! పొద్దుటిపూట కొట్టు వదిలేసి వచ్చావేం?"

"కొట్లో ఎవులున్నారు బాబూ, ఒగ్గీసి రాడానికి? నానూ, నా పొయ్యీ. ఇద్దరం ఒకల మొకం ఒకలు సూసుకుంతన్నాం." గుడ్డను వెనక్కి దాచుకుంది. "రేపు అద్దం బిగించెత్తారంట గదా?"

"అలాగే అంటున్నారు."

"బిగించండి. అమ్మ రాత, ఉండాల. నాను కాదన్ను. కానీ..." నా వైపు వేలు చూపించింది. "అద్దం ఏసీసినాక నా రొట్టి ఎప్పటికీ పచ్చిగానే ఉండిపోతాది గదా బాబూ."

మాస్టారు అప్పుడు నా వైపు తిరిగారు. అన్ని నెలల తర్వాత మొదటిసారి, పైనుంచి కింది దాకా చదివారు. చివరి వరుస దగ్గర ఆయన కనుబొమలు దగ్గరపడ్డాయి. నిటారుగా దిద్దిన అక్షరాలను ఆయన గుర్తుపట్టారు.

"అసలేం జరిగింది?" అని అడిగారు.

"ఏటి జరగనాది? ఆ వారం గ్రైండరు రాయి ఇరిగిపోనాది. రొట్టి మానీమంటే మనసొప్పలేదు. బజార్న పిండి కొని తెచ్చినాను. నీల్లపిండి. పైన మాడిపోనాది, నోపల ఉడకనేదు. అమ్మ వొచ్చింది, ఒక ముక్క తింది. 'పైడీ, ఇది రొట్టి కాదే, రొట్టి ఏసం కట్టిన పిండి' అంది." పైడమ్మ చటుక్కున నవ్వింది. "'నీకు మొగమాటపడితే ఊరిని మోసం సేసినట్టు, రాసెత్తాను' అంది. 'రాసీమ్మా, తప్పు నాదే' అన్నాను. 'రాయి బాగయినాక కబురెట్టు, వొచ్చి తిని నా సేత్తోనే తుడిసెత్తాను' అంది. సోమారం రాయి బాగయినాది. కబురెడదారనుకున్నాను. ఇంతలోకి మంగలారం..."

ఆగిపోయింది. తడిగుడ్డను మడతపెట్టింది.

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పమంటారు? పోయిన మడిసి మీద పిర్యాదు సెయ్యనా? అమ్మ అబద్దం రాయనేదు గదా."

"లేదు. ఆ రోజుకు అది నిజం." మాస్టారు చాలా నెమ్మదిగా అన్నారు. "ఇవాళ కాదు."

"మరి తుడిసీండి బాబూ."

"తుడిచి ఏం రాయను? తినకుండా రాయలేను. తింటే... నాకు రుచి తెలీదు పైడమ్మా. ఉప్పు లేదని ఆవిడ అన్నాకే నాకు ఉప్పు లేదని తెలిసేది."

"తెలీకపోతే తెలుసుకోండి! అమ్మ పోనాదని నాలిక్కి కూడా సెలవిచ్చీసినారేటి? ఏటి తింతన్నారు ఇన్నాల్లూ?"

మాస్టారి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయని నేనూ అప్పుడే గమనించాను.

"నడండి. మూకుడు పొయ్యి మీదే ఉంది."

ఆయన చెప్పులు వేసుకుని ఆమె వెనక వెళ్ళారు. నేను వెంట వెళ్ళలేను. గోడకు మేకులతో కొట్టిన వాళ్ళకు ఎదురుచూడటం తప్ప వేరే పని లేదు. అక్కడ ఆయన ఏం తిన్నారో, ఎలా తిన్నారో, మొదటి ముక్క గొంతు దిగిందో లేదో, ఇవేవీ నేను చెప్పలేను. విన్నది కూడా కాదు.

ఈలోగా భాస్కరం గారు అద్దాలవాణ్ణి, ఒక పెద్ద అద్దాన్ని తీసుకుని వచ్చారు. నాకు టేపు అడ్డంగా, నిలువుగా పెట్టి కొలిచారు. చట్రం ఇత్తడిదా, అల్యూమినియందా అని వాళ్ళిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఇత్తడి నల్లబడుతుందని అద్దాలవాడు, బల్లే నల్లనిది కదా దానికేమిటని భాస్కరం గారు. నా ఆయుష్షు నిమిషాల్లోకి వచ్చిందనుకున్నాను.

ఎండ చూరు దాటి నా అంచుకు తగిలే వేళకు మాస్టారు వచ్చారు. కుడిచేతిలో చిన్న పొట్లం ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టారు.

"సమయానికి వచ్చారు మాస్టారూ! ఇత్తడి ఖాయం చేశాం. మీరు ఊ అంటే రేపు పొద్దున్నే..."

"భాస్కరం గారూ, డస్టరు ఉందా?"

"డస్టరా? ఎందుకండీ?"

"ఇది తుడవాలి."

భాస్కరం గారు నాకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడ్డారు. "మాస్టారూ, ఆలోచించండి. ఇది వరహాలమ్మ గారి ఆఖరి రాత. ఊళ్ళో అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు."

"చూసి వెళ్తున్నారు. పైడమ్మ కొట్టుకు మాత్రం వెళ్ళట్లేదు. ఆవిడ రాసింది కొద్దిరోజుల కోసం. బాగయ్యాక తుడుస్తానని మాట ఇచ్చారట. ఆ మాట నిలబెట్టకుండా ఆవిడ పేరు పైన పెట్టి అద్దం బిగిస్తే, ఆవిడ చేత అబద్ధం చెప్పించినట్టు అవుతుంది."

"అయితే ఆ ఒక్క వరుసా తుడిచి, మిగతాది..."

"మిగతాది మాత్రం నిజమా? హరికథ ఉందా?"

కుక్కరు సంగతి భాస్కరం గారికి తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అక్షరాలు నేనే దిద్దానండీ. వెలిసిపోతున్నాయని. తప్పు చేశానా?" అన్నారు.

"లేదండీ. వెలిసిపోకూడదని మీరనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను."

భాస్కరం గారే లోపలికి వెళ్ళి డస్టరు తెచ్చి ఇచ్చారు. తెచ్చిన అద్దం వృథా పోకుండా పుస్తకాల బీరువాకు పగిలిన తలుపు ఒకటి ఉందని అద్దాలవాడు గుర్తు చేశాడు. కొలత కాస్త పెద్దదైంది. కోసుకున్నాడు.

మాస్టారు పైనుంచి మొదలుపెట్టారు. తప్పెటగుళ్ళు పోయాయి, మెట్లు పోయాయి, హరికథ పోయింది. చివరి వరుస దగ్గర ఆగి, దాన్ని పైకి చదివారు, తరగతిలో చదివినట్టు, ఒక్కొక్క మాటా తేలేలా. చదవడం పూర్తయ్యాక తుడిచారు. గట్టిగా కాదు. అలాగని మెల్లగా కూడా కాదు. మామూలుగా తుడిచారు. పొడి ఆయన చొక్కా చేతుల మీద పడింది. దులుపుకోలేదు.

ఆ క్షణం నాకెలా ఉందో అడగండి. వడ్రంగి చేతికింద మొదటిసారి నునుపు తేలినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. ఆమెను మరిచిపోయానని కాదు. ఆమె ఎన్నో శుక్రవారాలు నా మీద రాసి, ఎన్నో శుక్రవారాలు తన చేత్తోనే తుడిచిన మనిషి. తుడిచిన ప్రతి వారమూ మళ్ళీ వచ్చారు. తుడవని ఆ నెలలన్నీ నా మీద ఉన్నది ఆమె కాదు, ఆమె లేకపోవడం.

మాస్టారు సుద్ద తీసుకున్నారు. మొదటి వరుసలో అక్షరాలు ఇరుకుగా పడ్డాయి. రెండో వరుసకు అక్షరాలు మళ్ళీ గుండ్రంగా వచ్చాయి. చాలా రాయలేదు. ఆ వారం ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు కనుక "చూసినది" ఒక్కటీ లేదు. భాస్కరం గారు చెప్పగా రెండు మూడు "విన్నది"లు రాశారు. రేపు సాయంత్రం ఆంధ్రా యూనివర్సిటీ వైపు ఒక హాల్లో పిల్లల బొమ్మల ప్రదర్శన ఉందట, ఉచితమట, విన్నది. భీమిలి బస్సులో సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చోవాలంటే మొదటి స్టాపులోనే ఎక్కాలట, విన్నది.

తర్వాత చివరి వరుసకు వంగారు. ఆ చోటు ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. భాస్కరం గారు కళ్ళజోడు సర్దుకుని చూస్తున్నారు. రోడ్డు అవతల పైడమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో, కొట్టు మళ్ళీ వదిలేసి, ఇటే చూస్తోంది.

మాస్టారు ఇలా రాశారు.

"పైడమ్మ దిబ్బరొట్టె లోపలి దాకా కాలింది. అల్లం పచ్చడిలో బెల్లం ఒక పిసరు తక్కువ. రొట్టె పెద్దది, ఇద్దరు పంచుకోవచ్చు. ఒక్కరే అయితే సగం తినండి. మిగతా సగం అడక్కుండానే కట్టి ఇస్తుంది. తిన్నది."

"బెల్లం తక్కువంట!" రోడ్డు అవతలినుంచి పైడమ్మ కేక పెట్టింది. "రుచి తెలీదన్నారు గదా బాబూ!"

మాస్టారు వెనక్కి తిరగలేదు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారని భాస్కరం గారు కంగారుగా దగ్గరికి వెళ్ళి మొహంలోకి చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టారు.

ఆస్పత్రి డ్యూటీ దిగి వస్తున్న ఒక నర్సమ్మ నా ముందు ఆగింది. చివరి వరుస రెండుసార్లు చదివింది.

"పైడమ్మ కొట్టు ఎటండీ? నేనొక్కదాన్నే."

మాస్టారు సుద్ద ఉన్న చేత్తోనే దారి చూపించారు. ఆమె అటు నడిచింది. పైడమ్మ ఆమె కంటే ముందు చేరుకోవాలని చెంగు బిగించుకుని గబగబా వెళ్ళింది. మాస్టారు కిటికీ గట్టు మీద పొట్లం విప్పి, సగంలో సగం తుంచి భాస్కరం గారికి పెట్టి, మిగిలిన ముక్క తను తినసాగారు.